పైమెతుకు

మా నాన్న సికింద్రాబాదులో ఒక మిషన్ బాలికల బడిలో లెక్కలు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నాలు నేను చదివే పైతరగతి పిల్లలకు సిలబస్‌లో లేని లెక్కలు చెప్పడం ఆయన సరదా. వాటికి ఆయన పెట్టుకున్న పేరు అవకాశం లెక్కలు. ఒక పని జరుగుతుందా జరగదా, జరిగితే ఎన్నింట ఎన్నిసార్లు జరుగుతుంది అని చూసే లెక్కలన్నమాట. ఆయన దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకం నిండా పాచికలూ పేకముక్కలే. మాదేమో గుంటూరు వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడిన ప్రొటెస్టెంటు కుటుంబం. పేకముక్క కంటబడితే ఆ గది కడిగించి, అందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించే రకం మా అమ్మ. అందుకని నాన్న పాచికలకు బదులు చింతగింజలు పట్టుకెళ్ళేవారు. ఒక్కో గింజనూ బండమీద రుద్ది ఒకవైపు తెల్లగా అరగదీయడం నా వంతు. నా బొటనవేలు ఎప్పుడూ మండుతూ ఉండేది.

ఒకసారి హెడ్‌మిస్ట్రెస్ దొరసాని తరగతి గుమ్మంలో నిలబడి చూసింది. ఎదిగిన పిల్లలంతా నేలమీద చతికిలబడి గింజలు విసురుతున్నారు. తెల్లవెన్ని, నల్లవెన్ని అని అరుస్తున్నారు. ఇదేమిటి మాస్టర్, జూదమా అని అడిగింది. నాన్న తడుముకోకుండా, "చీట్లు వేయడం దేవుని వాక్యంలోనే ఉందండీ, శిష్యులే వేశారు" అన్నారు. దొరసాని కాసేపు ఆలోచించి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఆయన ముందే సిద్ధం చేసిపెట్టుకున్నారని నాకు గట్టి అనుమానం.

పాచికలు లేని లోటు ఊరు తీర్చేది. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. బండ్లు ఎంత ఆలస్యంగా వస్తున్నాయో చూసి రమ్మనేవారు. వీధి కుళాయి దగ్గర ఒక్కో ఇంటివాళ్ళు ఎన్ని బిందెలు పడుతున్నారో, మారేడ్‌పల్లిలో ఒకామె పెరట్లో మునక్కాయలు ఎంతెంత పొడుగున్నాయో, అన్నీ ఆయనకు కావాలి. మేం తెచ్చిన అంకెలను నల్లబల్ల మీద పరిచి, కూడి, భాగించి, సగటు తీసేవారు. ఆ తర్వాత సగటును నమ్మవద్దని చెప్పేవారు. ఒకసారి మా ఇళ్ళలో మనుషులు ఎందరని అడిగి సగటు కడితే ఇంటికి ఐదున్నర మంది వచ్చారు. ఆ అర మనిషి ఎవరు సార్ అని ఒక పిల్ల అడిగింది. "ఇంటికెళ్ళి వెతుక్కోండి" అన్నారు నాన్న. నేను ఇంటికెళ్ళి మా అన్నయ్యను చూపించాను. అన్నయ్య రైలు కార్ఖానాలో ఫిట్టరు పని నేర్చుకుంటున్నాడు. పొద్దున్నే పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు, తిని పడుకుంటాడు. ఇంట్లో సగమే ఉంటాడు. అప్పటినుంచి వాడిని అర మనిషీ అని పిలిచేదాన్ని. వాడు నూనె మరకల చేత్తో నా జడ పట్టుకుని లాగేవాడు.

ఇక నాన్న అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన మాట మన తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఊళ్ళో అందరినీ అడగక్కర్లేదు, కొందరిని అడిగితే ఊరి సంగతి తెలుస్తుంది అని దానికి ఆయన చెప్పిన అర్థం. ఆ మాట చెప్పేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాల్లోనే మెతుకు నలిపి చూపించేవారు. తరగతి మొత్తం ఆ వేళ్ళను అనుకరించేది. నేను కూడా.

ఇప్పుడు చెప్పబోయేది నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్ నాటి సంగతి. చదివేవాళ్ళను ఊరించడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా అన్నయ్య తిరిగి రాలేదు. ఆ ఏడాది రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎక్కడ ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పదలచుకున్నది మా అమ్మ తిండి గురించి, నాన్న లెక్క గురించి.

ఆ వేసవి నుంచే ఊరు బిగుసుకుపోయింది. ఉప్పు దొరికితే కిరసనాయిలు దొరికేది కాదు. రజాకార్లు ఫలానా ఊరి మీద పడ్డారట అనీ, యూనియన్ సైన్యం సరిహద్దులో కాచుకుని ఉందట అనీ, రోజుకొక మాట. ఉన్న ఊళ్ళో భయం, పోదామంటే దారిలో భయం. మా ఇంట్లో ఉన్న అమ్మమ్మ మాత్రం చస్తే సొంత ఊళ్ళోనే చస్తానని మంకుపట్టు పట్టింది. అన్నయ్య ఆమెను గుంటూరు వైపు మా మేనమామ ఇంట్లో దింపి రావడానికి బయల్దేరాడు. బండి ఎక్కుతూ అమ్మతో, "రెండు పూటలు నా వాటా బియ్యం మిగిలినట్టే, దాచుకో" అన్నాడు. అమ్మ వాడి నోటిమీద కొట్టింది. వెళ్ళొస్తానని చెప్పరా ముందు అంది. వెళ్ళొస్తానమ్మా అన్నాడు.

అమ్మమ్మను క్షేమంగా దింపాడు. తిరుగుబండి కూడా ఎక్కాడు. ఆ మాట మేనమామ మా చర్చి సంఘం పాస్టరయ్యగారి బంధువు ద్వారా తర్వాత చెప్పి పంపాడు. వాడు బండి ఎక్కిన రాత్రి తెల్లారేసరికే సైన్యం లోపలికి వచ్చింది. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆగిన బండి దిగి జనం నడక పట్టారట. కొందరు అడవి దారిన, కొందరు పట్టాల వెంట. ఆ దారుల్లో ఎవరి చేతుల్లో తుపాకులున్నాయో, ఎవరు ఎవరిని ఏమనుకుని కాల్చారో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు.

నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. జెండాలు మారాయి. దుకాణాలు తలుపులు తెరిచాయి. మా పెరటి వెనక మళ్ళీ బండ్లు నడిచాయి. ప్రతి బండికీ అమ్మ పెరట్లోకి వెళ్ళి నిలబడేది. బండి వెళ్ళాక లోపలికొచ్చేది. క్రమంగా తిండి మానేసింది. ఉపవాసం అని చెప్పింది మొదట. మా సంఘంలో ఉపవాస ప్రార్థన కొత్తేం కాదు గనుక ఎవరం ఏమీ అనలేదు. వారం గడిచింది, ఉపవాసం ముగియలేదు. కంచం ముందు కూర్చుంటే ముద్ద మింగుడు పడటం లేదని చేయి కడిగేసుకునేది. చేతిగాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. నాకు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఉన్నవాళ్ళం మేం కనబడటం లేదా అని.

నాన్నకు ఓదార్పు మాటలు రావు. ఆయనకు వచ్చింది లెక్క. ఒక శనివారం తరగతిలో, "ఈ గొడవల్లో మీ ఇళ్ళలోంచి ప్రయాణంలో చిక్కుకున్నవాళ్ళు ఉంటే చెయ్యెత్తండి" అన్నారు. చాలా చేతులు లేచాయి. "వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు?" కొన్ని దిగాయి, చాలావరకు అలాగే ఉన్నాయి. మర్నాడు చర్చిలో కూడా విన్నారు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఆపద తప్పించుకు వచ్చినవాళ్ళు ఆదివారం సంఘం ముందు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు, కృతజ్ఞతగా ఏదో ఒకటి అర్పిస్తారు. ఆ రోజుల్లో సాక్ష్యాలతోనే సగం ఆరాధన గడిచేది. ఒకాయన కల్వర్టు కింద దాక్కున్నానన్నాడు. ఒకామె పశువులకాపరుల గుడిసెలో తలదాచుకున్నానంది. జనం స్తోత్రం, స్తోత్రం అనేవారు. నాన్న తలవంచుకుని వేళ్ళు మడుచుకునేవారు. చూసినవాళ్ళు ప్రార్థన అనుకుని ఉంటారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మతో, "పదింట ఏడుగురు వచ్చేశారు" అన్నారు. అమ్మ తలెత్తి చూసింది. "ఏడుగురా?" అంది. "ఏడుగురు. బండ్లు ఇంకా సరిగ్గా నడవడమే లేదు" అన్నారు. అమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మింగింది. నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అప్పటినుంచి అదొక రివాజయింది. శనివారం తరగతిలో చేతులు, ఆదివారం చర్చిలో సాక్ష్యాలు, సాయంత్రం అమ్మ కంచం ముందు అంకె. "ఈ వారం ఎంతండీ?" అని ఆమే అడిగేది. అంకె వారం వారం పెరిగింది. ఏడు ఎనిమిదయింది. అంకెతో పాటు అమ్మ ముద్దలూ పెరిగాయి. వంట చేసే ముందు దేవుడి పేర గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం మా సంఘం ఆడవాళ్ళందరికీ అలవాటు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళతాయి. అమ్మ ఇప్పుడు రెండో కుండ పెట్టింది. అన్నయ్య పేర మరో గుప్పెడు. వాడు వచ్చిన ఆదివారం ఆ బియ్యంతో సంఘానికి ప్రేమవిందు చేస్తానంది. పదింట తొమ్మిది అన్న వారం ఆ కుండ కదిపి చూసి, "సగం పైన నిండింది" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. లెక్కల మీద నాకు భక్తి కుదిరింది ఆ రోజే.

తరగతిలో నా పక్క బెంచీలో మా సందు చివరింటి పిల్ల కూర్చునేది. పరుపులకు దూది ఏకడం వాళ్ళ పని. నమాజు చేసేవాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. వాళ్ళ నాయిన భుజాన దూదేకే విల్లు వేసుకుని, దాని నారి టింగుమని మోగిస్తూ ఊరూరూ తిరిగేవాడు. సైన్యం రావడానికి ముందు బీదరు వైపు వెళ్ళాడు. ఆ వైపు ఆ తర్వాత ముసల్మానులకు ఏం జరిగిందో పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకునేవారు, మమ్మల్ని చూసి ఆపేసేవారు. ప్రతి శనివారం మొదటి ప్రశ్నకు ఆ పిల్ల చెయ్యెత్తేది, రెండో ప్రశ్నకు దించేది. బడికి మాత్రం ఒక్కరోజు మానలేదు. నేనూ తనూ కలిసే నడిచేవాళ్ళం. దారిలో అంత్యాక్షరి, పొడుపుకథలు, అన్నీ ఆడుకునేవాళ్ళం గానీ ఆ ప్రశ్న గురించి ఒక్క మాటా అనుకోలేదు.

నేను చెప్పేది ఆ తర్వాతి శనివారం. నాన్న ఎప్పటిలాగే మొదటి ప్రశ్న అడిగారు. చేతులు లేచాయి. రెండో ప్రశ్న అడిగారు. పది చేతుల్లో ఒక్కటే దిగింది, ఆ పిల్లది. నాన్న నల్లబల్ల వైపు తిరిగి గీత గీసి, గీత కింద పది రాసి, పైన తొమ్మిది రాయబోతున్నారు.

"సార్, ఒక మాట అడుగుతా" అంది ఆ పిల్ల లేచి.

"అడగమ్మా."

"ఆ కొదువైన ఒక్కరు మా నాయిన గద సార్?"

నాన్న సుద్దముక్క ఆపి వెనక్కి తిరిగారు. అవునని తల ఊపారు.

"సోమవారం సంది నేను సుత బడికి రాకుంటే, అప్పుడు అందరు వచ్చినట్టే రాస్తరా?"

ఎగతాళిగా అడగలేదు. కోపంగానూ కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. కిటికీ దగ్గర పిల్ల ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే మానేసింది. నాన్న చూపు ఆ పిల్ల మీంచి వెనక బెంచీల మీదికి వెళ్ళింది. వెనక రెండు బెంచీలు ఖాళీ. అవి ఎప్పటినుంచి ఖాళీగా ఉన్నాయో మేమెవరం పట్టించుకోలేదు. గొడవల తర్వాత కొందరు పిల్లలు బడికి రాలేదు. ఫలానా పిల్ల మానేసిందట అంటే మానేసిందనుకున్నాం.

నాన్న మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా నడిచారు. ఖాళీ బెంచీ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు. ఆయన నల్లబల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి నాకు కూడా అర్థమైంది. తండ్రి రాని పిల్లలు, అన్న రాని పిల్లలు బడి మానేశారు. వాళ్ళు మానేసినకొద్దీ దిగే చేతులు తగ్గాయి. తగ్గినకొద్దీ మా అంకె పెరిగింది. చర్చిలోనూ అంతే. వచ్చినవాళ్ళే లేచి సాక్ష్యం చెబుతారు. రానివాళ్ళు ఎలా చెబుతారు? వాళ్ళ ఇంటివాళ్ళు ఆ స్తోత్రాలు వినలేక ఇంట్లోనే ఉండిపోయి ఉంటారు.

"కూర్చో తల్లీ" అన్నారు ఆ పిల్లతో. "తప్పు నాది. కుండ కలపకుండా పైమెతుకు పట్టుకున్నాను." ఆ వేళ్ళు గాల్లో కలుసుకోలేదు. గీత కింద ఉన్న పదిని అరచేత్తో తుడిచేసి, ఇవాళ్టికి చాలు, వెళ్ళండి అన్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు పట్టాల పక్కన నాన్న ముందు నడుస్తున్నారు, నేను వెనక. అమ్మకు చెప్పవద్దని అడుగుదామనుకున్నాను. తొమ్మిదే అనండి నాన్నగారూ, పోనీ ఎనిమిదనండి, తింటోంది కదా అని. నా నోటిదాకా వచ్చింది. ఆయన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఏమీ అడగలేదు.

అమ్మ కంచాలు పెట్టి కూర్చుంది. "రేపటి దాకా ఆగలేను, బళ్ళో ఎంతొచ్చిందో చెప్పండి" అంది. ఆమె గొంతులో ఆ వారాల్లో వచ్చిన తేలికదనం ఉంది.

"లెక్క తప్పింది" అన్నారు నాన్న.

"తగ్గిందా?"

"తగ్గడం కాదు. మొదటినుంచీ తప్పే." ఆయన అన్నీ చెప్పారు. ఖాళీ బెంచీల సంగతి, సాక్ష్యాల సంగతి, ఆ పిల్ల అడిగిన మాట. మెల్లగా, తరగతిలో చెప్పినట్టే, మెట్టు మెట్టుగా చెప్పారు. అమ్మ ఎక్కడా అడ్డుపడలేదు. అంతా విని, "మరి అసలు అంకె ఎంత?" అంది.

"తెలియదు."

"ఇన్ని వారాలు నాకు అన్నం తినిపించడానికి చెప్పారా ఆ అంకెలు?"

"నేనూ నమ్మే చెప్పాను" అన్నారు నాన్న. మా నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. అమ్మ కంచం పక్కకు జరిపి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. బండి వచ్చే వేళ కూడా కాదది. నేను ఆ రాత్రి ఆ పిల్లను కసితీరా తిట్టుకున్నాను. నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేది దానికి అని. తెల్లారేసరికి ఆ కసి పోయింది, భయం మిగిలింది. అమ్మ పొద్దున కాఫీ నీళ్ళు కూడా ముట్టలేదు.

ఆ ఆదివారం నాన్న చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పలేదు. "బడి మానేసిన పిల్లల ఇళ్ళకు వెళ్ళొస్తాను. అడిగి తెలుసుకోనిదే ఆ లెక్క తేలదు" అన్నారు. వంటింట్లోంచి అమ్మ వచ్చింది. చేతిలో అన్నయ్య కుండ.

"నేనూ వస్తాను" అంది.

"ఆ కుండెందుకు?"

"ఒట్టి చేతులతో వెళ్ళి, మీవాడు చచ్చాడా బతికాడా అని అడుగుతారా?" అంది అమ్మ. నాన్న కుండ అందుకున్నారు. నేను వాళ్ళ వెంట నడిచాను.

కొన్ని సాయంత్రాలు అలాగే తిరిగాం. పద్మారావు నగర్‌లో ఒక ఇంటికి వెళితే, తండ్రి వచ్చి కూడా చాలా రోజులైంది, పిల్ల మాత్రం టైఫాయిడ్ తగిలి బడి మానేసింది. నాన్న మొహం ఒక్క క్షణం వెలిగింది. మరో ఇంటికి తాళం. పక్కవాళ్ళు పెద్దమనిషి రాలేదనీ, తల్లీ పిల్లలూ పుట్టింటికి వెళ్ళిపోయారనీ చెప్పారు. ఇంకో ఇంట్లో ముసలాయన మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు. "లెక్కలెందుకు సార్, వస్తడు. మావోడు వస్తడు" అని తలుపు వేసేసుకున్నాడు. నాన్న మూసిన తలుపుకు నమస్కారం పెట్టారు. ఒక్కో గుమ్మం దగ్గర అమ్మ గుప్పెళ్ళతో బియ్యం పెట్టేది. ఎవరూ వద్దనలేదు. ఎందుకని కూడా అడగలేదు.

ఆఖర్న మా సందు చివరింటికి వెళ్ళాం. గోడకు ఒక మేకు ఉంది. విల్లు తగిలించే మేకు అది. దాని చుట్టూ గోడ నల్లగా అరిగి ఉంది. ఆ పిల్ల తల్లి చాప పరిచి కూర్చోమంది. తన కూతురు సార్‌ను ఏదో అడిగిందని విన్నాననీ, చిన్నపిల్ల, ఏమనుకోవద్దనీ అంది. నాన్న, "మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న, నేనే అడగాల్సింది" అన్నారు. ఆ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడి గోడవైపు చూస్తోంది.

అమ్మ కుండ దించి, ఉన్న బియ్యమంతా ఆమె చేటలో పోసింది. కుండ ఖాళీ అయింది. ఆ ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని అమ్మ, చిన్నగొంతుతో, "రోజూ తింటున్నావామ్మా?" అని అడిగింది.

ఆమె వింతగా చూసింది. "తినకుంటెట్లమ్మా? పొద్దుగాల లేస్తే పిల్ల ఆకలంటది. నేను పడిపోతే దానికి వండేదెవరు?" అంది. తర్వాత అమ్మ చేతి వంక, మోచేతి దాకా జారిన గాజుల వంక చూసింది. "నువ్వు తింటలేవా ఏంది?"

ఆ పిల్ల తల్లి లేచి లోపలికి వెళ్ళి, పొద్దుటి జొన్నరొట్టె ఒకటి తెచ్చి, పైన ఇంత పచ్చడి వేసి అమ్మ చేతిలో పెట్టింది. "జెరంత తినమ్మా. రానోళ్ళకు ఏమైనా గానీ, మనకు ఇంట్ల పిల్లలున్నరు" అంది. అమ్మ రొట్టె పట్టుకుని నా వైపు చూసింది. అన్ని వారాల్లో ఆమె నన్ను అలా చూడటం అదే మొదలు. తుంచి, నమిలి, మింగింది. చివరి తునక దాకా తిన్నది. ఆ రోజు అంకె ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ తిండి మానలేదు. ముందులా కడుపునిండా తిన్నదని చెప్పను. కూర్చుంటే లేచేలోపు కంచం మాత్రం ఖాళీ చేసేది. బండి వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్ళడం కూడా మానలేదు, ఆమె బతికున్నంత కాలం.

నాన్న ఇళ్ళకు వెళ్ళి పిలిచిన పిల్లల్లో కొందరు బడికి తిరిగొచ్చారు. శనివారం వచ్చింది. వెనక బెంచీల్లో మళ్ళీ తలలు కనిపించాయి. నాన్న లోపలికి వచ్చి, చాలాసేపు నల్లబల్ల తుడిచారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. ఆ తర్వాత ఒక గీత గీశారు.

"పోయినసారి లెక్క నేను తప్పు చేశాను" అన్నారు. "వచ్చినవాళ్ళనే లెక్కపెట్టాను. ఇవాళ రానివాళ్ళ నుంచి మొదలుపెడదాం. బడికి రాలేకపోయినవాళ్ళ సంగతి నేను వెళ్ళి తెలుసుకున్నాను, అవీ కలుపుతాను. ఎవరింట్లో మనిషి ఇంకా రాలేదో వాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

వచ్చారని చెయ్యెత్తడం సులువు. రాలేదని ఎత్తడమంటే ఇక రారని మనమే ఒప్పుకున్నట్టు ఉంటుంది. దూది ఏకే ఇంటి పిల్ల కూడా ఈసారి తల వంచుకుని కూర్చుంది. తర్వాత నావైపు చూసింది. అన్ని శనివారాలూ మొదటి ప్రశ్నకు కూడా నేను చెయ్యెత్తలేదని అప్పుడు తట్టింది నాకు. ఎత్తమని నాన్న చెప్పలేదు. ఎత్తలేదేమని అడగలేదు. ఎవరి కోసం ఆ లెక్కంతా కడుతున్నామో వాడు ఆ లెక్కలోనే లేడు. నా చెయ్యి ఒళ్ళో బరువుగా ఉంది. లేపుదామంటే లేవలేదు.

నాన్న సుద్దముక్క పట్టుకున్న చెయ్యి పైకెత్తారు.

ఏదో చూపిస్తున్నారనుకుని అందరం పైకి చూశాం. పైన ఏమీ లేదు. చెయ్యెత్తమని మేష్టారు చెబుతారు, పిల్లలు ఎత్తుతారు. మేష్టారు చెయ్యెత్తి నిలబడటం మేమెవరం చూసి ఎరగం. ఆయన మమ్మల్నెవరినీ చూడటం లేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ముందు నా పక్క బెంచీ పిల్ల చెయ్యి లేచింది. తర్వాత వెనక బెంచీల్లో ఒకటీ ఒకటీ లేచాయి. నాది కూడా లేచింది.

నాన్న చెయ్యి దించకుండానే వరుసల మధ్య నడుస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ వచ్చారు. నా దగ్గరికొచ్చి ఆగారు. బళ్ళో ఆయన నాకు మేష్టారే. అమ్మా అనీ చిట్టీ అనీ ఎప్పుడూ పిలవరు. నేనూ సార్ అనే అంటాను.

"నువ్వు దించు తల్లీ" అన్నారు. "మనిద్దరికీ కలిపి ఒక్కడే. రెండుసార్లు లెక్కపెట్టకూడదు."

నేను దించాను. ఆయన నల్లబల్ల దగ్గరికి వెళ్ళి గీత ముందు నిలబడ్డారు. సుద్దముక్క ఆ పైకెత్తిన చేతిలోనే ఉంది. రాయాలంటే ఆ చెయ్యి దించాలి. నాన్న చాలాసేపు దించలేదు.